కవిటి నుంచి వైరాలజీ పరిశోధనకు: ఒక డిగ్రీ విద్యార్థిని ప్రశ్నలకు సమాధానం

మీరు అడిగినదాన్ని ముందుగా క్లుప్తంగా చెప్పుకుందాం. మీది కవిటి మండలం. నాన్నగారు పలాసలో జీడిపప్పు పరిశ్రమలో పని చేస్తారు. పదో తరగతి వరకు తెలుగు మాధ్యమంలో చదివి, ఇప్పుడు శ్రీకాకుళంలో మైక్రోబయాలజీతో డిగ్రీ చివరి ఏడాదిలో ఉన్నారు. వైరస్‌లపై పరిశోధన చేయాలంటే ఎంఎస్సీ వైరాలజీలోనే చేరాలా, ఎన్నేళ్లు పడుతుంది, అంతవరకు ఇల్లు ఎలా గడవాలి, అమ్మ భయపడుతున్నట్టు ప్రాణాపాయం ఉంటుందా, మీ కవిటి ఉన్న ఉద్దానం ప్రాంతాన్ని పీడిస్తున్న కిడ్నీ జబ్బుపై పని చేయవచ్చా, మందుల పరిశ్రమలున్న పైడిభీమవరంలో వచ్చిన ఉద్యోగాన్ని వదులుకోవాలా అని అడిగారు. నేనూ ఈ జిల్లావాడినే. చాలా ఏళ్లుగా వైరస్‌ల ప్రయోగశాలలో పని చేస్తూ, ఏటా విద్యార్థులను ఎంపిక చేసే బల్లకు అవతలి వైపు కూర్చుంటున్నాను కాబట్టి, ఆ ఎంపికలో ఏది లెక్కలోకి వస్తుందో, ఏది రాదో చెప్పగలను.

ముందు పట్టా పేరు సంగతి. వైరాలజీ అన్న పేరుతోనే ఎంఎస్సీ ఉన్న చోట్లు దేశంలో కొద్ది. తిరుపతిలోని శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో వైరాలజీకి ప్రత్యేక విభాగమే ఉంది. పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ అక్కడి సావిత్రీబాయి ఫూలే విశ్వవిద్యాలయం గుర్తింపుతో ఎంఎస్సీ వైరాలజీ నడుపుతోంది. ఈ రెండింటిలో సీటు వస్తే నిస్సందేహంగా చేరండి. రాకపోతే దాని కోసం ఏడాది ఖాళీగా కూర్చోవలసిన అవసరం లేదు, లక్షలు పోసి ఎక్కడో ఆ పేరును కొనుక్కోవలసిన అవసరం అంతకన్నా లేదు. పీహెచ్‌డీకి వచ్చిన విద్యార్థి పట్టాపై వైరాలజీ అని ఉందా అని మేము చూడము. బయోటెక్నాలజీ, బయోకెమిస్ట్రీ, జంతుశాస్త్రం, వృక్షశాస్త్రం చదివి ఈ రంగంలో స్థిరపడినవారు ఎందరో ఉన్నారు. ఎచ్చెర్లలోని అంబేడ్కర్ విశ్వవిద్యాలయంలోనో, విజయనగరంలోని కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయంలోనో, విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనో బయోటెక్నాలజీ చదివినా ఈ దారి మూసుకుపోదు. రాష్ట్ర విశ్వవిద్యాలయాలకు ఏపీ పీజీసెట్, కేంద్రీయ విశ్వవిద్యాలయాలకు సీయూఈటీ-పీజీ, కేంద్ర బయోటెక్నాలజీ విభాగం సాయంతో నడిచే కోర్సులకు గ్యాట్-బి రాయాలి. ఈ చివరి దాన్ని మన వైపు విద్యార్థులు చాలామంది పట్టించుకోరు. దాని ద్వారా సీటు వస్తే చదువుకునే రెండేళ్లూ నెలనెలా కొంత స్టైపెండ్ కూడా వస్తుంది. ఎక్కడ చేరాలనుకున్నా, ముందుగా అక్కడ చదివిన సీనియర్‌ను పట్టుకుని అడగండి: పీసీఆర్ (డీఎన్ఏకు నకళ్లు తీసే పద్ధతి) మీరు సొంతంగా పెట్టారా, సారు పెడుతుంటే చుట్టూ నిలబడి చూశారా? నాకు తెలిసి కళాశాలను తూచడానికి ఇంతకంటే మంచి తూనిక లేదు.

ఎందుకంటే వైరాలజీ ప్రధానంగా చేతి పని. వార్తల్లో కనిపించే వైరాలజీకీ మా దినచర్యకూ పోలిక తక్కువ కాబట్టి ఒక్క ప్రయోగాన్ని వివరంగా చెబుతాను. ఒక ద్రావణంలో సోకే శక్తి ఉన్న వైరస్ ఎంత ఉందో కొలవడానికి ప్లాక్ అస్సే చేస్తాం. 1962లో జపానులో ఒక ఆఫ్రికా కోతి మూత్రపిండం నుంచి తీసి, నేటికీ ప్రపంచమంతటా పెంచుతున్న వీరో కణాలను ఆరు గుంటల ప్లేటులో అడుగంతా ఒకే పొరగా పరుచుకునే వరకు పెంచుతాం. వైరస్ ద్రావణాన్ని పదో వంతుకు, దాన్ని మళ్లీ పదో వంతుకు, ఇలా పలచన చేస్తూ పోయి, ఒక్కొక్క పలచనను ఒక్కొక్క గుంటలో 0.2 మిల్లీలీటర్ల చొప్పున వేస్తాం. గంటసేపు, పావుగంటకోసారి ప్లేటును మెల్లగా అటూ ఇటూ వంచుతూ ఉండాలి. ఏమరితే నడిమి కణాలు తడి ఆరి చచ్చిపోతాయి, ఆ చావును వైరస్ ఖాతాలో రాసుకుంటాం. తరువాత పైన అగరోజ్ అనే జెల్లీ లాంటి పదార్థాన్ని పోయాలి. అది వేడిగా ఉంటే కణాలు మాడిపోతాయి, చల్లారితే పోసేలోపే గడ్డకడుతుంది, గుంట గోడ వెంబడి కాక నడిమిలో ధారగా పోస్తే కణాల పొర మొత్తం లేచి వస్తుంది. సరిగ్గా పోస్తే, ఒక కణం నుంచి బయటపడిన వైరస్ ఆ గడ్డలో దూరం పోలేక చుట్టుపక్కల కణాలనే చంపుకుంటూ పోతుంది. కొన్ని రోజులాగి, ఫార్మాల్డిహైడ్‌లో ఉంచి, అగరోజ్ తీసివేసి, క్రిస్టల్ వయొలెట్ రంగు వేస్తే బతికిన కణాలు ఊదా రంగులోనూ, చచ్చిన చోట్లు నారుమడిలో నారు పోయిన ఖాళీల మాదిరిగానూ కనిపిస్తాయి. లక్షో వంతు పలచన వేసిన గుంటలో అలాంటి ఖాళీలు, అంటే ప్లాక్‌లు, 24 ఉంటే, అసలు ద్రావణంలో 0.2 మిల్లీలీటర్లకు 24 లక్షలు, అంటే మిల్లీలీటరుకు 1 కోటి 20 లక్షల సోకగల వైరస్‌లు ఉన్నట్టు లెక్క.

ఈ గుణకారం బడి పిల్లలు కూడా చేస్తారు. ఒకే ద్రావణాన్ని మూడు వారాలు కొలిచి మూడుసార్లూ దగ్గరి అంకెలు రాబట్టడానికి మాత్రం కొత్తవారికి నెలలు పడుతుంది. ఈలోగా ఏదో ఒక సోమవారం ఇంక్యుబేటర్ తెరిస్తే కణాలను పెంచే, ఎర్రగా ఉండవలసిన పోషక ద్రవం పసుపుగా, మసకగా మారి ఉంటుంది. బ్యాక్టీరియా చేరిందన్నమాట, అన్నీ పారవేసి మొదటికి రావాలి. కుతూహలం చాలామందికి ఉంటుంది. ఇలా మొదటికి రావడం పెద్దగా బాధనిపించనివారే ఈ రంగంలో నిలబడటం నేను చూశాను. మీరు అలాంటివారో కాదో తెలుసుకోవడానికి ఎంఎస్సీ ప్రాజెక్టు వరకు ఆగకుండా, భారతీయ సైన్స్ అకాడమీలు కలిసి ఇచ్చే వేసవి పరిశోధన ఫెలోషిప్‌కు ఎంఎస్సీ మొదటి ఏడాదిలోనే దరఖాస్తు పెట్టండి. రెండు నెలలు ఒక నిజమైన ప్రయోగశాలలో గడిపితే, ఈ పని నచ్చుతుందో లేదో మీకే తెలుస్తుంది.

ఇక ఏ వైరస్‌పై పని చేయాలన్నది. మన జిల్లాల పిల్లలు వైరాలజీ అనగానే కరోనా, నిపా, పుణె అంటారు. ఇంటి పక్కన ఉన్నవి కంటికి ఆనవు. ఆమదాలవలసలోని వ్యవసాయ పరిశోధనా కేంద్రం ఎన్నో ఏళ్లుగా గోగు నార పంటపై పని చేస్తోంది. ఆ గోగుకు ఆకుల ఈనెలు పసుపుబారే మొజాయిక్ తెగులు వస్తుంది. వరి కోసిన మళ్లలో వేసే పెసర, మినుములకు పల్లాకు తెగులు వస్తే ఆ చేను ఇక కాపుకు రాదన్నది మీ ఇంట్లో వారికీ తెలిసిన విషయమే. వీటికి మూలం తెల్లదోమ మోసుకొచ్చే బెగోమోవైరస్‌లు. వాటి జన్యుపదార్థం వలయంగా ఉండే ఒంటిపోగు డీఎన్ఏ. అది వలయం కావడం వల్లనే, ఫై-29 అనే ఎంజైముతో గుండ్రంగా తిప్పి తిప్పి నకళ్లు తీసి, వైరస్ మొత్తాన్ని సులువుగా చదవవచ్చు. మనిషికి సోకవు కాబట్టి ప్రత్యేక భద్రతా గదులు అక్కరలేదు. తెగులు సోకిన ఆకు, డీఎన్ఏ తీసే రసాయనాలు, ఒక పీసీఆర్ యంత్రం, సీక్వెన్సింగ్‌కు (జన్యు అక్షరాల వరుస చదివించడానికి) పంపడానికి కొంత డబ్బు ఉంటే ఎంఎస్సీ స్థాయిలో గట్టి ప్రాజెక్టు అవుతుంది. మీ తీరాన సంతబొమ్మాళి, వజ్రపుకొత్తూరు వైపు రొయ్యల చెరువులు ఉన్నాయి. 1990ల నడుమ నుంచి మన తూర్పు తీరంలో చెరువులకు చెరువులను తుడిచిపెట్టిన తెల్లమచ్చల వ్యాధికి కారణం సుమారు 3 లక్షల బేసుల (జన్యు అక్షరాల) పెద్ద డీఎన్ఏ వైరస్. మనలాగా యాంటీబాడీలు తయారు చేసుకునే ఏర్పాటు రొయ్యకు లేదు కాబట్టి దానికి మామూలు అర్థంలో టీకా వేయడం కుదరదు. అందుకే పిల్ల వేసే ముందు పీసీఆర్ పరీక్ష చేయించుకోవడం రైతులకు అలవాటైంది. పశువుల లంపీ చర్మవ్యాధి దేశంలో మొదట 2019లో బయటపడింది మన పొరుగున ఉన్న ఒడిశాలోనే; గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది, నైరాలో వ్యవసాయ కళాశాల ఉంది. వాటిలో చదవకపోయినా, అక్కడి అధ్యాపకులను కలిసి నమూనాలు, సలహా అడగడానికి అడ్డేమీ లేదు. గోగు ఆకులోని వైరస్‌పై సొంత చేతులతో చిన్న పని చేసి వచ్చినవారిని ప్రమాదకర వైరస్‌ల ప్రయోగశాలలు ఆసక్తిగా చూస్తాయి. ఇంటర్నెట్‌లోని సంగతులను కూర్చి కరోనాపై ప్రాజెక్టు అని అట్ట వేసినవారిని ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే పక్కన పెడతాయి.

ఉద్దానం గురించి మీరు రాసిన వాక్యాలు చదివాను, ఆ కోరిక ఎక్కడి నుంచి వచ్చిందో నాకు విడమరిచి చెప్పనక్కరలేదు. ఆ జబ్బుకు కారణం ఇంతవరకు తేలలేదు. ఇలాంటి జబ్బే ఉన్న శ్రీలంకలో రోగులకు హంటావైరస్ యాంటీబాడీలు ఎక్కువగా ఉన్నాయని జపాను, శ్రీలంక పరిశోధకులు ప్రచురించారు. ఎలుకల ద్వారా వచ్చే ఆ వైరస్‌లలో కొన్ని మూత్రపిండాలను దెబ్బతీస్తాయన్నది ముందే తెలిసిన విషయం. అయితే యాంటీబాడీ ఉందంటే ఎప్పుడో వైరస్ సోకిందని మాత్రమే అర్థం. పొలంలో ఎక్కువ గంటలు ఉండేవారికి ఎలుకల సంపర్కం ఎక్కువ, ఎండ ఎక్కువ, పురుగుమందూ ఎక్కువ. వీటిలో ఏది కారణమో, ఏది వెంట వచ్చిన సంగతో విడదీయడమే అసలు పరిశోధన. వైరసే కారణమని తేల్చడం ఎలా ఉంటుందో చూడాలంటే 2003 వేసవి, వానకాలాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పిల్లలకు వచ్చిన మెదడువాపును తీసుకోండి. 329 మంది పిల్లలు జబ్బుపడి 183 మంది చనిపోయారు. పుణె సంస్థ శాస్త్రజ్ఞులు రోగుల నమూనాల నుంచి వైరస్‌ను వేరుచేసి, దాని ఆర్‌ఎన్‌ఏను, దానికి వ్యతిరేకంగా పుట్టిన యాంటీబాడీలను చూపి, అది 1965లో మహారాష్ట్రలో కనుగొన్న చాందీపుర వైరసేనని నిర్ధారించారు. ఒక ఆధారం చాలదని, పలు వైపుల నుంచి వచ్చిన ఆధారాలు ఒకే చోటికి చేరాలని వారి పరిశోధన పత్రం చదివితే తెలుస్తుంది. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి కాబట్టి ఆ జబ్బుపై పని చేసే అవకాశం మునుపటి కన్నా మెరుగు. కాని కారణం వైరసేనని ముందే మనసులో పెట్టుకుని రావద్దు. ఆ జబ్బే మీకు ముఖ్యమైతే మీకు వైరాలజీ కన్నా ఎపిడెమియాలజీ (జబ్బులు ఎవరికి, ఎక్కడ, ఎందుకు వస్తున్నాయో తేల్చే శాస్త్రం), గణాంకశాస్త్రం ఎక్కువ పనికి రావచ్చు. ఇది తేల్చుకోవలసింది మీరే, తొందర లేదు.

డబ్బు విషయం మీ నాన్నగారికి ఇలా చెప్పండి. ఎంఎస్సీ పూర్తయ్యే వరకు ఖర్చు. ఆ తరువాత జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్, పరిశోధక విద్యార్థులకు నెలనెలా ఇచ్చే సొమ్ము) వస్తే ఇంటి నుంచి తీసుకోవలసిన పని ఉండదు. 2023 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న రేట్ల ప్రకారం మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, తరువాత 42,000, ఇంటి అద్దె భత్యం అదనం. ఇది ఇచ్చే పరీక్షల్లో ముఖ్యమైనది ఏడాదికి రెండుసార్లు జరిగే సీఎస్ఐఆర్-యూజీసీ నెట్ అనే జాతీయ అర్హత పరీక్ష, అందులో లైఫ్ సైన్సెస్ పేపరు. భారత వైద్య పరిశోధనా మండలి (ఐసీఎంఆర్), కేంద్ర బయోటెక్నాలజీ విభాగం కూడా జేఆర్ఎఫ్ ఇస్తాయి. నెట్‌లో మూడు గంటలు, 200 మార్కులు. అందులో సగం మార్కులు సీ-భాగానివే: 75 ప్రశ్నల్లో 25 రాస్తే చాలు, ఒక్కొక్కటి 4 మార్కులు. అక్కడ అడిగేది జ్ఞాపకాన్ని కాదు. ఒక ప్రయోగ ఫలితం ఇచ్చి దీని నుంచి ఏమి తేలుతుందని అడుగుతారు, తప్పు రాస్తే ఆ ప్రశ్న మార్కుల్లో పావు వంతు కోస్తారు. 13 యూనిట్లనూ కంఠస్థం చేయబోయి అలసిపోయేవారి కన్నా, తమకు పట్టున్న ఐదారు యూనిట్లలో సీ-భాగాన్ని లోతుగా సాధన చేసినవారే ఎక్కువగా గట్టెక్కుతారు. వయోపరిమితి ఉంటుంది, మహిళలకు, రిజర్వేషన్ వర్గాలకు సడలింపు ఉంటుంది. ఏ ఏడాది ప్రకటన ఆ ఏడాది చదువుకోండి. సొంత ఫెలోషిప్ ఉన్నవారికి గైడును ఎంచుకునే స్వేచ్ఛ ఉంటుంది, ప్రాజెక్టు డబ్బుపై చేరినవారికి ప్రాజెక్టు ముగిసే తేదీ ఎప్పుడూ తలపై ఉంటుంది. ఒక్క జాగ్రత్త: ఫెలోషిప్ సొమ్ము ఒక్కోసారి నెలల తరబడి ఆలస్యమవుతుంది కాబట్టి మొదటి జీతాల నుంచే కొంత పక్కన పెట్టండి, ఇంటికి పంపే మొత్తాన్ని ముందే పెద్దగా ఒప్పుకోవద్దు.

ఏళ్ల లెక్క దాచడం మంచిది కాదు. ఎంఎస్సీకి రెండేళ్లు, నెట్‌కు బహుశా మరో ఏడాది, పీహెచ్‌డీకి ఐదారేళ్లు, ఆపైన పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తరువాతి పరిశోధన) రెండు మూడేళ్లు. శాస్త్రవేత్తగానో అధ్యాపకురాలిగానో శాశ్వత ఉద్యోగం వచ్చేసరికి ముప్పై దాటుతుంది. అందరికీ వస్తుందని కూడా చెప్పలేను. అయితే మధ్యలో దిగడానికి మెట్లు ఉన్నాయి. హైదరాబాదులో భారత్ బయోటెక్, బయోలాజికల్ ఈ, ఇండియన్ ఇమ్యునోలాజికల్స్, పుణెలో సీరమ్ ఇన్‌స్టిట్యూట్ వంటి టీకా సంస్థలకు కణాలను పెంచడం, వైరస్‌ను కొలవడం వచ్చినవారు కావాలి. వైద్య కళాశాలల్లోని వైరస్ నిర్ధారణ ప్రయోగశాలల్లో ఒప్పంద ఉద్యోగాలు పడుతుంటాయి. పెళ్లి మాట ఇంట్లో వస్తుందని రాశారు. నా దగ్గర పీహెచ్‌డీ చేస్తూ పెళ్లి చేసుకున్నవారు ఉన్నారు, చదువు ఆగలేదు. కాని ఏ ఊళ్లో ఎన్నేళ్లు ఉండాలో అవతలివారికి పెళ్లిచూపుల నాడే చెప్పిన వారికి తరువాత ఇబ్బంది తక్కువైంది.

గైడు ఎంపికకు సంస్థ పేరు కన్నా ఎక్కువ సమయం ఇవ్వండి. ఆయన లేదా ఆమె గత ఐదేళ్ల పత్రాలు తీసి, మొదటి పేరుగా విద్యార్థులు ఉన్నారా, ఆ విద్యార్థులు ఇప్పుడు ఎక్కడున్నారు, ఒక్కొక్కరికి పీహెచ్‌డీ ఎన్నేళ్లు పట్టింది అన్నవి చూడండి. ప్రస్తుతం ఉన్న విద్యార్థి నిజం చెప్పలేకపోవచ్చు. వెళ్లిపోయిన విద్యార్థికి ఫోన్ చేయండి. ఉత్తరం రాసేటప్పుడు, మీ గొప్ప సంస్థలో చేరడం నా కల అన్న వాక్యం వద్దు, అలాంటివి మాకు రోజూ వస్తాయి. వారి పత్రాల్లో ఒకదాన్ని పూర్తిగా చదివి, అందులో ఫలానా చిత్రంలో ఫలానా ఫలితం నాకు అర్థమైంది, ఫలానాది అర్థం కాలేదు అని రెండు వాక్యాలు, మీ చేతితో ఏ పద్ధతులు చేశారో ఒక వాక్యం, ఏ నెలలో రాగలరో ఒక వాక్యం రాస్తే చాలు. అర్థం కాలేదని రాసినవారి ఉత్తరాలకే నేను ముందుగా జవాబిస్తాను.

అమ్మ భయం గురించి. విద్యార్థుల్లో ఎక్కువమంది పని చేసేది రెండో భద్రతా స్థాయిలో. డెంగీ వైరస్ కూడా ఆ స్థాయిదే. కరోనా వైరస్‌ను పెంచడానికి మూడో స్థాయి, నిపా వంటివాటికి నాలుగో స్థాయి కావాలి, అక్కడికి శిక్షణ లేనివారిని రానివ్వరు. చాలా ప్రశ్నలకు అసలు వైరసే అవసరం ఉండదు. హాని లేని మరో వైరస్‌కు ఆ అసలు వైరస్ పైపొర ప్రోటీన్‌ను తొడిగి, కణంలోకి వెళ్లగలదు కాని అక్కడి నుంచి పెరగలేదు అన్నట్టుగా తయారు చేసిన సూడోవైరస్‌లతో పని జరుగుతుంది. హెపటైటిస్-బి టీకా మాత్రం ఇప్పుడే వేయించుకోండి, ఎక్కడ చేరినా అడుగుతారు.

ఇంగ్లీషు గురించి మీరు ఎక్కువ బెంగపడుతున్నారు. నెట్ ప్రశ్నపత్రం ఇంగ్లీషు, హిందీల్లోనే ఉంటుంది, కాబట్టి తప్పదు. కాని కావలసింది ధారాళమైన మాట కాదు, ఖచ్చితంగా చదవడం. వారానికి ఒక పత్రం, ముందు బొమ్మలు, తరువాత వాటి కింది వివరణ, చివరికి సారాంశం చదివి, ఏమి చేశారో అర పేజీ తెలుగులోనే రాసుకోండి. కొలంబియా విశ్వవిద్యాలయంలో విన్సెంట్ రాకనియెల్లో చెప్పిన వైరాలజీ పాఠాలు యూట్యూబ్‌లో ఉచితంగా ఉన్నాయి, వేగం తగ్గించుకుని వినండి. ఇంట్లో లాప్‌టాప్ ఉంటే మరో పని కూడా చేయవచ్చు: జన్యు సీక్వెన్సుల ఉచిత భాండాగారమైన జెన్‌బ్యాంక్ నుంచి డెంగీ వైరస్ సీక్వెన్సులు కొన్ని దింపుకుని, మెగా అనే ఉచిత సాఫ్ట్‌వేరుతో వాటి వంశవృక్షం గీయండి. ఒక్కొక్కటి సుమారు 10,700 అక్షరాలు. నాలుగు రకాల డెంగీ నాలుగు కొమ్మలుగా విడిపోవడం మీ తెరపైనే కనిపిస్తుంది. ఇంటర్వ్యూలో చూపించడానికి ఇది ఏ సర్టిఫికెట్ కోర్సు కన్నా మేలు.

చివరగా పైడిభీమవరం ఉద్యోగం. ఇంట్లో అప్పు తీర్చవలసిన ఒత్తిడి ఉంటే చేరండి, సిగ్గుపడవలసిందేమీ లేదు. అయితే ప్యాకింగ్‌లోనో ఉత్పత్తిలోనో కాక నాణ్యతా విభాగంలోని మైక్రోబయాలజీ ల్యాబ్‌లోనే వేయమని చేరేముందే అడగండి. శుభ్రమైన గాలిపెట్టెలో పని చేయడం, చేసిన ప్రతిదాన్ని అప్పటికప్పుడు రాసి సంతకం పెట్టడం అక్కడ అలవడతాయి, ఆ అలవాటు పీహెచ్‌డీ వారిలో చాలామందికి ఉండదు. రాత్రి షిఫ్టుల మధ్య ప్రవేశ పరీక్షకు చదవడం కష్టం కాబట్టి ఒక్క ఏడాది అని గడువు పెట్టుకోండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ దగ్గర ఉంచుకుంటామనే చోట మాత్రం చేరవద్దు, ఎంఎస్సీ కౌన్సెలింగ్ రోజున అవి మీ చేతిలో ఉండాలి. మీ మైక్రోబయాలజీ అధ్యాపకుల దగ్గర సిఫార్సు లేఖలను మీరు కళాశాల విడిచేలోపే తీసుకోండి. రెండేళ్ల తరువాత వేసవి ఫెలోషిప్‌కు అడిగితే, వారు బదిలీ అయి ఏ ఊళ్లో ఉన్నారో వెతుక్కోవలసి వస్తుంది.